దుకాణానికి బీమా ఉంది, దుకాణదారుకు లేదు

మా అక్కయ్య దగ్గర ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఒకటి ఉంది. పొడుగాటి పుస్తకం. మొదటి పేజీకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన 'శ్రీ' అని రాసి ఉంటుంది. ఖమ్మం వైరా రోడ్డులో మా బావగారికి పెయింట్లు, పైపులు, కుళాయి సామాను అమ్మే దుకాణం ఉంది. దుకాణానికి రావలసిన బాకీలు ఆ పుస్తకంలో ముందు నుంచి రాస్తారు, దుకాణం ఇవ్వవలసినవి వెనక నుంచి రాస్తారు. ముందు పేజీలు ఎప్పుడూ నిండుగా ఉండేవి. వెనక వైపు ఏ ఏడాదీ రెండు మూడు పేజీలు దాటలేదు. 2018 సెప్టెంబరులో పదహారు రోజుల్లో వెనక పేజీలు పదకొండు నిండాయి.

ఆ పదకొండు పేజీలూ అక్కయ్య చేతిరాతే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో, ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాసినవి. తేదీ, కట్టిన అడ్వాన్సు, ఎవరి దగ్గర తెచ్చింది, వడ్డీ ఎంత. ఒక చోట మందుల చీటీ వెనకాల కూడిక వేసి దాన్నే పేజీకి అంటించింది. ఆ పేజీలు నేను చాలాసార్లు చూశాను. ఆరోగ్య బీమా అందరికీ ఉండాలని నేను ఇంత గట్టిగా వాదించడం మొదలుపెట్టింది వాటిని చూశాకే.

జరిగింది ఇది. బావగారికి అప్పుడు 49 ఏళ్లు. ఒక తెల్లవారుజామున ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. ఖమ్మంలో ఇంజెక్షన్ చేసి, హైదరాబాద్ తీసుకువెళ్లమన్నారు. అంబులెన్సు సూర్యాపేట దాటేసరికి నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. యాంజియోగ్రామ్ తీస్తే మూడు రక్తనాళాల్లో అడ్డంకులు కనిపించాయి. స్టెంట్లతో అయ్యేది కాదు, బైపాస్ చేయాలన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ చేరి, నాలుగు రోజులు ఉంటారనుకున్న ఐసీయూలో పదకొండు రోజులు ఉన్నారు. మొత్తం బిల్లు 6 లక్షల 40 వేలు.

బావగారు మూడు చోట్ల బీమా కట్టేవారు. దుకాణంలో సరుకుకు అగ్ని ప్రమాద బీమా ఉంది, అది లేకపోతే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు ఇవ్వదు. మోటారు సైకిలుకు బీమా ఉంది, అది లేకుండా బండి నడపడం చట్టరీత్యా నేరం. ఎల్ఐసీలో రెండు పాలసీలు ఉన్నాయి, పెళ్లయిన కొత్తలో తెలిసిన ఏజెంటు ఇంటికి వచ్చి కట్టించినవి. తాను పోతే ఇంటికి డబ్బు వచ్చే ఏర్పాటు ఇరవై ఏళ్ల కిందటే చేసుకున్నారు. తాను బతకడానికి డబ్బు వచ్చే ఏర్పాటు లేదు. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. మన ఇళ్లలో బీమా అనగానే మనిషి పోయిన తర్వాతి మాటే గుర్తొస్తుంది. మనిషి ఉండగా పనికొచ్చే బీమా ఒకటి ఉందన్న సంగతి ఆసుపత్రి కౌంటరు దగ్గర 'ఇన్సూరెన్సు ఉందా?' అని అడిగినప్పుడే తెలుస్తుంది.

2016లో నేను ఆరోగ్య బీమా దరఖాస్తు పట్టుకుని ఖమ్మం వెళ్లాను. అప్పుడే దుకాణం పక్క గది కూడా అద్దెకు తీసుకుని సామాను సర్దుతున్నారు. "శుభమా అని దుకాణం పెద్దది చేసుకుంటుంటే ఆసుపత్రి మాట ఎందుకయ్యా?" అన్నారు బావగారు. కోపంగా అన్న మాట కాదు, మామూలుగానే అన్నారు. మన పెద్దవాళ్లలో చాలామందికి ఉన్న నమ్మకమే అది. రోగం పేరు ఎత్తితే రోగాన్ని పిలిచినట్టని. నేను మళ్లీ అడగలేదు. దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకుని, భోజనం చేసి వచ్చేశాను. అక్కయ్యతోనైనా విడిగా మాట్లాడవలసింది. ఆ రోజు కూర్చుని ఒప్పించి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు లెక్క వేసి చెప్పగలను.

ఆ 6 లక్షల 40 వేలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ పుస్తకంలో ఉంది. 2 లక్షల చీటీ ఒకటి నడుస్తోంది. అవసరం మీద ఉన్నారని అందరికీ తెలిసిపోయింది కాబట్టి పాట 50 వేలకు వెళ్లింది, చేతికి వచ్చింది లక్షన్నర. అక్కయ్య గొలుసు, మేనకోడలి కోసం చేయించి పెట్టిన గాజులు బ్యాంకులో పెడితే 90 వేలు. మిగిలిన 4 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకు 8 వేలు వడ్డీ. బావగారు మూడు నెలలు దుకాణం మెట్లు ఎక్కలేదు. తర్వాత కోలుకున్నారు కానీ 2020లో లాక్‌డౌన్ వచ్చింది. దుకాణానికి షట్టరు వేసినా వడ్డీకి షట్టరు లేదు. నాలుగేళ్లు కట్టారు. కట్టిన వడ్డీయే 3 లక్షల 84 వేలు, అసలు అలాగే ఉంది. చివరికి 2022లో పిల్లల చదువు కోసం ఉంచుకున్న 150 గజాల స్థలం అమ్మి అసలు తీర్చారు.

అదే సమయంలో నేను, మా ఇంట్లో నలుగురికి కలిపి, 5 లక్షల పాలసీకి ఏడాదికి 16 వేలు కట్టేవాణ్ణి. బావగారికి వయసును బట్టి ఇంకొంచెం ఎక్కువ అయ్యేదేమో. అయినా చూడండి, ఆయన రెండు నెలల వడ్డీ, నా ఏడాది ప్రీమియం ఒకటే. ఏడాదికి 16 వేల బీమా వద్దన్న మనిషి నెలకు 8 వేల చొప్పున నలభై ఎనిమిది నెలలు కట్టాడు. 'ఆ ప్రీమియం డబ్బు బ్యాంకులో వేసుకుంటే మన డబ్బు మనకే ఉంటుంది కదా' అని చాలామంది అంటారు. పదేళ్లు వేసుకుంటే అసలు 1 లక్ష 60 వేలు అవుతుంది, వడ్డీ కలిస్తే ఇంకొంత. ఆ పదేళ్లు పూర్తయ్యేవరకు గుండె జబ్బు మన కోసం ఆగాలి కదా. రెండో ఏడే నొప్పి వస్తే చేతిలో 32 వేలు ఉంటాయి.

అయితే డబ్బు లెక్క ఒక్కటే అయితే నేను ఇంతగా రాసేవాణ్ణి కాదు. నన్ను ఇప్పటికీ వదలని సంగతి వేరే ఉంది.

ఐసీయూలో ఆరో రోజు రాత్రి పదిన్నరకు డ్యూటీ డాక్టరు బయటికి వచ్చారు. ఇన్‌ఫెక్షన్ తగ్గడం లేదు, యాంటీబయాటిక్ మార్చాలి, ఈ కొత్తది రోజుకు పదకొండు పన్నెండు వేలు అవుతుంది, మొదలుపెట్టమంటారా అని అడిగారు. నెమ్మదిగానే అడిగారు, ఆయన తప్పేమీ లేదు. అక్కయ్య వెంటనే 'పెట్టండి' అనలేకపోయింది. నా వైపు చూసింది, బావగారి తమ్ముడి వైపు చూసింది, ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూసింది. మహా అయితే పది సెకన్లు. తర్వాత 'పెట్టండి సార్' అంది. డాక్టరు లోపలికి వెళ్లాక కుర్చీలో కూలబడి ఏడ్చింది. "ఆయన ప్రాణం కోసం అడుగుతుంటే నేను డబ్బు లెక్క వేశానురా" అంది. ఆ మాట తర్వాత కూడా చాలాసార్లు అంది. బావగారు ఇంటికి వచ్చి, నడిచి, దుకాణంలో కూర్చున్నాక కూడా.

ఆ పది సెకన్లు ఏ ఇల్లాలికీ రాకూడదు. భర్త గురించి భయపడవలసిన మనిషి రేపటి అడ్వాన్సు గురించి భయపడే పరిస్థితి రాకూడదు. బీమా ఉంటే రోగం రాదా? వస్తుంది. ఆపరేషన్ నొప్పి తగ్గుతుందా? తగ్గదు. కానీ డాక్టరు అడిగిన ప్రశ్నకు వైద్యం గురించి మాత్రమే ఆలోచించి జవాబు చెప్పే వీలు ఉంటుంది. బీమాతో మనం కొనుక్కునేది అదేనని నా నమ్మకం.

బీమా అనేది మనకు పరాయి ఆలోచన అని నేను ఒప్పుకోను. మన పెళ్లిళ్లలో చదివింపులు ఉన్నాయి. పందిట్లో ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు, వచ్చినవారు నూట పదహార్లో, వెయ్యి నూట పదహార్లో చదివిస్తారు, పేరు రాసుకుంటారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసి మనం చదివిస్తాం. ఒక ఇంటికి ఒక్కసారిగా వచ్చిపడే ఖర్చును ఊరంతా తలా కొంచెం మోయడం మన తాతల నుంచి ఉన్నదే. పెళ్లికి ముహూర్తం ఉంటుంది, శుభలేఖ ఉంటుంది, అందరూ వస్తారు. రోగానికి ముహూర్తం లేదు. ఆసుపత్రికి వచ్చిన బంధువులు యాపిల్ పళ్లు, కొబ్బరి బొండాలు తెస్తారు, ప్రేమగా పలకరిస్తారు, చేతనైనవారు కొంత అప్పుగా ఇస్తారు. ఆసుపత్రిలో చదివింపుల పుస్తకం ఉండదు. బీమా ఆ పుస్తకమే. మనకు తెలియని లక్షల మందితో కలిసి చదివించుకుంటాం, అంతే తేడా. వంద ఇళ్లున్న వీధిలో ఏడాదికి ఒక ఇంటికి 5 లక్షల ఖర్చు వస్తుందనుకోండి. ఇంటికి 5 వేల చొప్పున వేసుకుంటే ఆ ఇల్లు నిలబడుతుంది. ఈ ఏడాది ఎవరి ఇల్లో ఎవరికీ తెలియదు కాబట్టే అందరూ వేయాలి.

అందుకే 'నాకు ఏ రోగమూ లేదు, నాకెందుకు' అనే మాట విన్నప్పుడల్లా బాధ వేస్తుంది. ఏ రోగమూ లేనివారు కలవకపోతే ఆ పుస్తకంలో చదివించేవారే ఉండరు, తీసుకునేవారు మాత్రమే మిగులుతారు. పైగా వారి మంచికే ఇంకో కారణం ఉంది. బీమా కంపెనీ తలుపు ఆరోగ్యంగా ఉన్నవారికే తేలిగ్గా తెరుచుకుంటుంది. 2021లో నేను బావగారికి పాలసీ కోసం తిరిగాను. బైపాస్ అయిందని తెలియగానే రెండు కంపెనీలు కుదరదన్నాయి. మూడో కంపెనీ ఒప్పుకుంది, ప్రీమియం పెంచి. గుండెకు సంబంధించిన దేనికైనా నాలుగేళ్లు ఆగాలంది. అప్పటి నిబంధన అదే. ముందే ఉన్న జబ్బులకు ఆగవలసిన గరిష్ఠ కాలాన్ని 2024 ఏప్రిల్ నుంచి నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మూడేళ్లకు తగ్గించింది. మూడేళ్లైనా తక్కువ కాదు. ఏ జబ్బూ లేని ఇరవై ఆరేళ్ల కుర్రవాడికి ఆ బెడద లేదు. కొత్త పాలసీలో మామూలుగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వేరే వాటికి డబ్బు రాదు, కంటి శుక్లం, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటి కొన్నింటికి రెండు మూడేళ్ల వరకు ఆగాలి. ఇరవై ఆరేళ్లకు మొదలుపెట్టినవాడికి ఈ గడువులన్నీ, వాటితో అవసరం రాకముందే తీరిపోతాయి.

'ఆరోగ్యశ్రీ ఉందిగా' అంటారు. ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం మొదలైనప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి కొద్ది కాలమే అయింది. గుండెలో రంధ్రం ఉన్న కూలీల పిల్లలు పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని పైసా కట్టకుండా ఇంటికి రావడం మన కళ్లతో చూశాం. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారంటే నాకు నచ్చదు. తర్వాత 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద పేద కుటుంబానికి 5 లక్షల వరకు ఇచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు అని ప్రకటించింది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా కేంద్ర పథకం వర్తింపజేశారు. మీ ఇంట్లో ఆ వయసువారు ఉంటే ముందు ఆ కార్డు చేయించండి.

మరి మా బావగారికి ఏది వర్తించింది? ఏదీ లేదు. బ్యాంకు అప్పు కోసం ఆదాయపు పన్ను రిటర్నులు వేశారు కాబట్టి తెల్ల కార్డు లేదు. తెల్ల కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. సొంత దుకాణం కాబట్టి ఉద్యోగులకు ఉండే ఈఎస్ఐ బీమా లేదు. ఆయన దగ్గర పనిచేసే ముగ్గురికీ ఈఎస్ఐ లేదు, పది మంది అయినా ఉంటేనే అది తప్పనిసరి. ప్రభుత్వ ఉద్యోగి కాదు, పెద్ద కంపెనీ ఉద్యోగి కాదు. పేదవాడని చెప్పుకోలేడు, 6 లక్షలు తీసి కట్టగలిగినవాడూ కాదు. ఇలా మధ్యలో మిగిలిపోయినవారు దేశ జనాభాలో కనీసం 30 శాతం, అంటే 40 కోట్ల మంది అని నీతి ఆయోగ్ 2021 నివేదికలో రాసింది. మన ఊళ్లలో కిరాణా కొట్టు వాళ్లు, టైలర్లు, ప్రైవేటు బడి పంతుళ్లు, ట్యూషన్లు చెప్పేవారు, ఆటో ఫైనాన్సు తీర్చుకుంటున్నవారు, రెండెకరాల మాగాణితో పాటు చిన్న ఉద్యోగం ఉన్నవారు. పథకాలు పెట్టేవారు పేదరికానికి ఒక గీత గీస్తారు, ఆ గీతకు జానెడు పైన ఉన్నవాడు ఒక్క రోగంతో దాని కిందకు జారిపోతాడు. ఇలాంటివారు కొంత డబ్బు కట్టి ప్రభుత్వ పథకంలోనే చేరే వీలు కల్పించాలని నా గట్టి అభిప్రాయం. అది వచ్చేదాకా మన ఏర్పాటు మనం చేసుకోవలసిందే.

కార్డు ఉన్నవారు కూడా పూర్తిగా దాని మీదే భారం వేయవద్దని నేను చెప్పేది ఇందుకు. బకాయిలు పేరుకుపోయి ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేయడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. మీ ఇంట్లో మనిషికి నొప్పి వచ్చిన వారం అదే వారం కావచ్చు.

కంపెనీ ఇచ్చే బీమా గురించి ఒక్క మాట చాలు. అది ఉద్యోగానికి ఇచ్చిన బీమా, మనిషికి ఇచ్చింది కాదు. ఉద్యోగం పోయిన నాటితో అదీ పోతుంది, అప్పుడే కదా డబ్బుకు ఇబ్బంది మొదలయ్యేది. మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన రెండో నెలలో వాళ్ల నాన్నగారికి మూత్రపిండంలో రాయికి ఆపరేషన్ చేయించాడు, చేతి డబ్బుతో.

ఇక నేను నిజంగా గౌరవించే అభ్యంతరం ఒకటుంది. ప్రభుత్వ ఆసుపత్రులు బాగుంటే బీమా ఎందుకు, ఈ డబ్బంతా ప్రైవేటు ఆసుపత్రులకు పోవడం ఎందుకు అని మా కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మాస్టారు అడుగుతారు. ఆయన అడిగేది న్యాయమే. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ ఎంత మందిని బతికిస్తున్నాయో తెలిసినవాడెవడూ ఆ ప్రశ్నను తోసిపుచ్చడు. దేశంలో వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి కట్టేది 2013-14లో 64.2 శాతం ఉంటే 2021-22 నాటికి 39.4 శాతానికి దిగిందని కేంద్ర ప్రభుత్వ లెక్క. ప్రభుత్వం ఖర్చు పెడితే భారం దిగుతుందని అదే చెబుతోంది. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం అడగాలి, పోరాడాలి, ఓటు వేసేటప్పుడు గుర్తుపెట్టుకోవాలి. కానీ అర్ధరాత్రి మూడింటికి అంబులెన్సు ఎక్కడికి దగ్గరైతే అక్కడికి వెళుతుంది. ఆ రాత్రికి మన చేతిలో ఉన్నది ఏమిటన్నదే నా ప్రశ్న.

బీమా కంపెనీలు చేసేదంతా ధర్మం అని నేను చెప్పడం లేదు. 2022లో మా అమ్మ స్నానాల గదిలో జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆమెకు విడిగా 5 లక్షల పాలసీ ఉంది. ఆసుపత్రిలో చేరేటప్పుడు గది ఏది కావాలని అడిగితే, అమ్మకు ఇబ్బంది కాకూడదని రోజుకు 8 వేల గది అడిగాను. పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5 వేలు. తేడా రోజుకు 3 వేలే కదా, మనమే కట్టుకుందాం అనుకున్నాను. డిశ్చార్జి రోజు తెలిసింది, ఎనిమిదికి ఐదు వంతుల లెక్కన మిగతావీ తగ్గిస్తారని. గది, డాక్టర్ల ఫీజులు, ఆపరేషన్ థియేటరు కలిపి 2 లక్షలు అయితే 1 లక్ష 25 వేలే ఇచ్చారు. మందులు, తుంటిలో వేసిన ఇంప్లాంటు ఈ కోతలోకి రావు. గ్లవ్స్, మాస్కుల్లాంటి వాటికి 9 వేలు కొట్టేశారు. 3 లక్షల 10 వేల బిల్లులో మా చేతి నుంచి పడింది 84 వేలు. అదే 5 వేల గది తీసుకుని ఉంటే దాదాపు అంతా వచ్చేది. ఆ పరిమితి సంగతి పాలసీ కాగితాల్లో స్పష్టంగానే రాసి ఉంది. అమ్మిన ఏజెంటు చెప్పలేదు, నేను చదవలేదు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే. గది అద్దెకు పరిమితి లేని పాలసీ తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. మీ ఊరికి దగ్గరలో నగదు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రులు ఏవో చూసుకోండి. కాగితాలు వచ్చాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల గడువు ఉంది, ఆ నెలలో ఒక ఆదివారం కూర్చుని చదవండి.

అంత కోత పడ్డాక కూడా 2 లక్షల 26 వేలు బీమా నుంచే వచ్చాయి. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. అమ్మకు ఆపరేషన్ ఎప్పుడు, ఎవరు చేస్తారు, ఎన్నాళ్లకు నడుస్తుంది అన్న మాటలే మా ఇంట్లో నడిచాయి. డిశ్చార్జి రోజు కంపెనీ ఒప్పుకోలు కోసం ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం, అది నిజమే. 2024 నుంచి ఆ ఒప్పుకోలు మూడు గంటల్లో ఇవ్వాలని, చేరేటప్పుడు అయితే గంటలో చెప్పాలని ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. ఆలస్యం అవుతుంటే ఆ మాట అక్కడే అడగండి.

క్లెయిము తిరస్కరిస్తే అంతటితో వదిలేసేవారే ఎక్కువ. మా సహోద్యోగి ఒకరికి 'పాత జబ్బు దాచారు' అని కాగితం పంపారు. దాచలేదు, ఆసుపత్రి రికార్డులో ఎవరో తప్పు రాశారు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు, 30 రోజులు చూసి, హైదరాబాద్‌లోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, కార్యాలయానికి వెళ్లారు. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు. నాలుగు నెలలకు ఆయన డబ్బు ఆయనకు వచ్చింది. నిజంగా దాచిన సందర్భంలో మాత్రం ఎవరూ కాపాడలేరు. వరసగా ఐదేళ్లు కట్టిన పాలసీ మీద దాచారన్న పేరుతో కంపెనీ ప్రశ్నించకూడదు, కానీ మోసమని రుజువైతే ఆ రక్షణ కూడా ఉండదు. షుగరు ఉంటే షుగరు అని రాయాలి. సిగరెట్టు తాగితే తాగుతానని రాయాలి. వందల రూపాయల ప్రీమియం మిగులుతుందని దాచిన చిన్న మాట, లక్షల బిల్లు ముందు పెద్దదై నిలబడుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అది తెలిసిన రోజే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడికి 26 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, కంపెనీ వారి 3 లక్షల బీమా ఉంది. వాడూ అన్నాడు, "నాకెందుకు మామయ్యా, కంపెనీది ఉందిగా" అని. నేను వాదించలేదు. ఈసారి ఖమ్మం వెళ్లినప్పుడు అమ్మ దగ్గర ఎర్ర పుస్తకం అడిగి వెనక నుంచి తిరగేసి చూడు అన్నాను. తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఆ పేజీలు వాడు ఎన్నడూ చూడలేదు.

దసరాకు అందరం ఖమ్మంలో కలిశాం. పండుగ మర్నాడు భోజనాలయ్యాక వాడే ఫోన్ తీసి, దరఖాస్తు నింపుతాను మామయ్యా, పక్కన కూర్చో అన్నాడు. పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు. బావగారు వాలు కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. 'మీకు ఎప్పుడైనా అధిక రక్తపోటు ఉందని డాక్టరు చెప్పారా?' అన్న దగ్గర వాడు ఆగాడు. పోయిన ఏడాది ఆఫీసులో వైద్య శిబిరం పెడితే కొంచెం ఎక్కువగా ఉందని చెప్పి, ఉప్పు తగ్గించమన్నారట. "మందులేమీ రాయలేదు కదా, లేదు అని పెట్టేయనా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోపు బావగారు పేపరు పక్కన పెట్టారు.

"డాక్టరు చెప్పాడా లేదా?"

"చెప్పాడు నాన్నా."

"అయితే చెప్పాడనే రాయి."

"ప్రీమియం పెరుగుతుందేమో."

"ఎంత పెరుగుతుంది?"

వాడు ఫోన్ వైపు చూసి, "ఏడాదికి వెయ్యో, రెండు వేలో" అన్నాడు.

"అది నేను కడతాను, రాయి" అన్నారు బావగారు.